అరవై ఒకటో పేజీ

సోమవారం పగలు అన్నం డబ్బా పట్టుకొని రేణుక మగ్గాల కొట్టం గడప దగ్గరికి వచ్చేసరికి నాలుగు మగ్గాలూ ఆగి ఉన్నాయి. ఏమైందో అనుకుంటూ చెప్పులు విడిచింది. కొట్టం యజమాని కురుమూర్తి సేటు వసంత మగ్గం పక్కన గొంతుక్కూచొని చీర అంచును బొటనవేలి గోటితో గీరుతున్నాడు. కుంకుమరంగు అంచులో నాలుగు వేళ్ల మేర నేరేడుపండు రంగు పడింది. దూరం నుంచి చూస్తే తెలియదు గానీ, గద్వాల చీర కొనేవాళ్లు దూరం నుంచి చూసి కొనరు.

"గీ కండె ఎవరు చుట్టిండ్రు?" అన్నాడు సేటు. అడగాల్సిన పనే లేదు. ఆ కొట్టంలో రాట్నం ముందు కూచొని కండెలు చుట్టేది ఒక్క సావిత్రమ్మే.

"నేనే చూసుకోలె సేటూ," అంది వసంత, మగ్గం గుంటలో కాళ్లు కదపకుండా. "నాడెల కండె పెట్టేటప్పుడు చూసుకోవాలె గద."

"నువ్వు ఊకో." సేటు లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. "సావిత్రక్కా, నీ కండ్లు పోయినయ్. ఎన్నడో పోయినయ్. నేనే చూసీ చూడనట్టు ఉన్న."

సావిత్రమ్మ రాట్నం మీద చెయ్యి తీయలేదు. ఆమె రేణుకకు పెద్దమ్మ. రేణుకను పెంచింది, పదో తరగతి దాకా చదివించింది, ఇప్పటికీ ఇద్దరిదీ ఒకటే పొయ్యి. ఆ పెద్దమ్మను నలుగురి ముందు అలా అంటుంటే రేణుక డబ్బాను చప్పుడయ్యేలా గడప మీద పెట్టింది.

"పోయినయంటవేంది? చదువుతున్న గద," అంది సావిత్రమ్మ.

"అదే నాకు సమజ్ గాదు. పోగు రంగు కనబడది గని అక్షరం కనబడ్తదా?"

 సావిత్రమ్మ ఖాళీ రాట్నాన్ని మళ్లీ తిప్పడం మొదలుపెట్టింది.

గద్వాల చీరకు ఒళ్లు నూలు, కొంగు పట్టు. ఆ రెండూ కలవాలంటే నూలు పోగుకు పట్టు పోగు ఒక్కొక్కటిగా వేళ్లతో మెలివేసి అతకాలి. వేల పోగులు. వేళ్లకు బూడిద రాసుకొని, వంచిన మెడ ఎత్తకుండా, రోజంతా అదే పని. మగ్గం ఆడితే కనీసం దాని చప్పుడన్నా తోడుంటుంది. అతుకు రోజున అదీ ఉండదు. అందుకే ఆ రోజుల్లో సావిత్రమ్మ రాట్నం పక్కకు జరిపి నవల చదివేది. మరో కొట్టం వాళ్లు రమ్మన్నా వసంతా, పక్క మగ్గం తహసీనూ ఇక్కడి నుంచి కదలకపోవడానికి సేటు మంచితనం ఎంత కారణమో తెలియదు గానీ, ఆ చదువు మాత్రం తప్పకుండా కారణం. సేటుకు ఆ సంగతి బాగా తెలుసు. చదువుతున్నంతసేపూ తనూ గడపకు ఆనుకొని, ఏదో పనిమీద వచ్చినవాడిలాగా నిలబడేవాడు.

"కండెలకు మోటరు తెచ్చుకుంట," అన్నాడు చివరికి. "శుక్రవారం అతుకు ఉన్నది. చదువుతవా, కూచో. నీ జాగ నీకుంటది. చదవలేవా, ఇంటికాడ ఉండు. కాదన్నదానివి నువ్వే అయితవు, నేను గాదు."

"పుస్తకం ఫోన్ల ఎక్కిస్తే అక్షరాలు గుమ్మడికాయంత గనబడ్తయంట సేటూ," అంది తహసీన్. "మా చిచ్చాకు గట్లనే పెట్టిండ్రు. రేణుక కంప్యూటర్ దుకాణంలనే ఉన్నది గద!"

అందరూ రేణుక వైపు తిరిగారు. రేణుకకు ప్రాణం లేచి వచ్చింది. తన చేతిలో ఉన్న పనే కదా ఇది, ఇన్నాళ్లూ ఎందుకు తట్టలేదు అని తనను తానే తిట్టుకుంది.

"నేను పెడ్త," అంది. రాట్నం చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది, కండె మీద మాత్రం దారం లేదు.

*

బస్టాండు ఎదురుగా యాసర్ భాయ్ జిరాక్సు దుకాణంలో రేణుక ఆధార్ కాగితాలూ, భూమి పహాణీలూ, హాల్ టికెట్లూ తీసిస్తుంది. గిరాకీ లేని వేళల్లో మర్నాడంతా ఫోనులో పుస్తకాలు చదివే యాప్‌లు దింపుతూ, తీసేస్తూ కూచుంది.

మొదటిది తెరవగానే పేరు అడిగింది, ఈమెయిల్ అడిగింది, పుట్టిన తేదీ అడిగింది. అన్నీ ఇచ్చాక రెండు పేజీలకొకసారి ఒక చెప్పుల ప్రకటన అడ్డం వచ్చింది. దాన్ని మూసే గుర్తు ఆవగింజంత ఉంది. అరవై ఆరేళ్ల మనిషి, అందునా షుగరుతో చూపు తగ్గిన మనిషి, ఆ ఆవగింజను ఎక్కడ వెతుకుతుంది? రెండోదానిలో అక్షరాలు పెంచితే పేజీ పక్కకు జారిపోయింది. సగం మాట ఇటు, సగం మాట అటు. మూడోది చాలా అందంగా ఉంది. ఎంత అందమంటే వేలు ఎక్కడ తగిలినా ఏదో ఒకటి తెరుచుకుంటుంది, రంగు మారుతుంది, పుస్తకం మాయమవుతుంది. సావిత్రమ్మ వేలు ఉత్తప్పుడే వణుకుతుంది.

నాలుగోది చూసి రేణుక కుర్చీలో నిటారుగా కూచుంది. దానికి హంగూ లేదు, బొమ్మా లేదు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు. తెరలో ఎక్కడ తట్టినా తర్వాతి పేజీ. అక్షరాన్ని ఎంత పెంచితే అంత పెరుగుతుంది, మాటలు మాత్రం పక్కకు పోకుండా కిందికి దిగుతాయి. మూసి మళ్లీ తెరిస్తే ఎక్కడ ఆపామో సరిగ్గా అక్కడే తెరుచుకుంటుంది. ఆ చివరి సుగుణం రేణుకకు మరీ నచ్చింది. పెద్దమ్మ పుస్తకంలో గుర్తుకు ఎప్పుడూ ఒక ఎర్ర పట్టుదారం పెట్టుకుంటుంది. ఇక ఆ దారం వెతుక్కునే బాధ కూడా తప్పుతుంది.

"ఇంకోటి ఉన్నది, చూడు," అని యాసర్ భాయ్ తన ఫోన్ చూపించాడు. "ఇది చదివిపెడ్తది. గొంతు వస్తది. నువ్వు పెట్టి ఇడిసిపెట్టు, అదే మాట్లాడుతది. పెద్దామెకు తక్లీఫ్ ఎందుకు?"

రేణుక విన్నది. ఆడగొంతు, తప్పుల్లేని తెలుగు, ఎక్కడా ఊపిరి పీల్చని తెలుగు. ఫోనే చదివితే ఆ కొట్టంలో సావిత్రమ్మ కూచోవాల్సిన పనేముంది? సేటుకు ఆ సంగతి అర్థం కావడానికి ఒక్క నిమిషం చాలు.

"వద్దు భాయ్. గొంతు లేనిదే మంచిగున్నది," అంది.

*

పుస్తకం ఇవ్వడానికి సావిత్రమ్మ ఒకంతట ఒప్పుకోలేదు. పేజీలు ఊడిపోతాయంది, మిషన్ కింద పెడితే అక్షరం చెదురుతుందంది, నాకు పుస్తకమే అలవాటంది. అద్దె పుస్తకాల దుకాణం ఎత్తేసినప్పుడు గోనెసంచితో తెచ్చుకున్న నవలల్లో అదొకటి. అట్ట లేదు, పేరు లేదు, రాసినవాళ్లెవరో తెలియదు. కొట్టంలో అందరికీ అది 'సునంద పుస్తకం.' బుధవారం పొద్దున రేణుక దాన్ని చేతిలోంచి దాదాపు గుంజుకున్నట్టే తీసుకుంది.

ఒక్కో ఆకూ విప్పి అద్దం మీద పరిచి, మూత వేసి, వెలుగు అటునుంచి ఇటు జరిగేదాకా ఆగి, మళ్లీ తిప్పి పరచడం. రెండు వందల పేజీలు పైనే. ఆ ఫొటోల్లోని అచ్చును కంప్యూటర్ అక్షరాలుగా మార్చింది గానీ, సగం ఒత్తులు మింగేసింది. వాటిని దిద్దాలంటే ప్రతి లైనూ చదవాలి. రేణుక ఆ పుస్తకం ఎప్పుడూ చదవలేదు, చదవకపోయినా కథంతా తెలుసు. పగలు డబ్బా తెచ్చినప్పుడు కొంత వినేది, మిగతాది ధరూర్ పోయే ఆటో కోసం నిలబడి వసంత చెప్పేది. సునంద మొగుడు కొట్టడం, సునంద సంచి సర్దుకొని వానలో గడప దాటడం, కుట్టుమిషన్ మీద బతకడం, కర్నూలు కోర్టులో వకీలు ముందు నిలబడి భయపడకుండా మాట్లాడటం. చెప్తున్నప్పుడు వసంత ముఖం వెలిగేది. వసంత కూడా మొగుణ్ని విడిచి ఎనిమిది నెలల కింద అన్న ఇంటికి వచ్చింది. మొగుడి ఊరు కొల్లాపూర్ దగ్గర. అటువాళ్లు రెండుసార్లు వచ్చి అడిగినా పోలేదు. "ఎట్ల పోత రేణుకా? సునంద పోయిందా?" అనేది.

బుధవారం మధ్యాహ్నం అరవై ఒకటో పేజీలో రేణుక ఆగిపోయింది.

ఆ పేజీలో ఎర్ర పట్టుదారం ఉంది. దారం తీస్తే కాగితం మీద దాని జాడ సన్నటి ఎర్రగీతగా మిగిలింది. నిన్న మొన్న పెట్టిన దారానికి అలాంటి జాడ పడదు. ఆ గీత కింద ఇలా ఉంది: సునంద గడప దగ్గర చాలాసేపు నిలబడింది. తర్వాత వెనక్కి వచ్చి సంచిని మంచం కిందికి తోసి, దీపం తగ్గించి, అతని కాళ్ల దగ్గర కూర్చుంది.

ఆకులు తారుమారయ్యాయేమో అనుకుంది రేణుక. అంకెలు చూసింది, సరిగ్గానే ఉన్నాయి. ముందుకు తిప్పింది. కుట్టుమిషన్ లేదు. కర్నూలు లేదు. కోర్టు లేదు. సునంద అదే ఇంట్లో ముగ్గురు పిల్లల్ని కని, వంద పేజీల తర్వాత జ్వరంతో చచ్చిపోయింది. చచ్చేముందు మొగుడి చేత తలలో పూలు పెట్టించుకుంది. జిరాక్సుకు వచ్చిన ముసలాయన మూడుసార్లు పిలిచాక గానీ లేవలేదు.

*

గురువారం పొద్దున సావిత్రమ్మ వాకిట్లో కూచొని చిక్కుడుకాయ ఈనె తీస్తోంది. రేణుక ఎదురుగా పీట వేసుకొని, దారం మళ్లీ అదే పేజీలో ఉంచిన పుస్తకం ఆమె ఒళ్లో పెట్టింది.

"జర చదువు పెద్దమ్మా."

సావిత్రమ్మ చేతులు కొంగుకు తుడుచుకొని, వేళ్లతో తడిమి దారం ఉన్న చోట తెరిచింది. పుస్తకాన్ని ముఖం దగ్గరికి తెచ్చుకొని, కొంచెం పక్కకు వంచి, వెలుతురు పట్టింది. కండ్లు మంచిగున్నవాళ్లు కూడా అంత నమ్మకంగా పుస్తకం పట్టుకోరు. "వకీలు నోరు మూసుకున్నడు. సునంద కొంగు సవరించుకున్నది..." అని మొదలుపెట్టింది. గొంతు ఎక్కడా తడబడలేదు.

"పెద్దమ్మా, ఆడ గట్ల రాసి లేదు."

సావిత్రమ్మ ఇంకో రెండు వాక్యాలు చదివింది. తర్వాత పుస్తకం మూసింది.

"ఎప్పటిసంది?" అంది రేణుక.

"దసరా అయిన కాడికెల్లి నడుమల మసక వచ్చింది. పక్కలకు కనబడుతుండె. రోజింత రోజింత. వనపర్తి కండ్ల క్యాంపుల అద్దాలతోని గాదు అన్నరు. నీకెందుకు పరేషాని అని చెప్పలె." ఒక చిక్కుడుకాయ చేతిలోకి తీసుకొని ఈనె వెతికింది. "చదువ రాదంటే ఇంటికి పో అంటడు. ఇంట్ల నేనేం చెయ్యాలె? గోడలు చూడాలెనన్నా కండ్లుండాలె గద."

"చదివినట్టు చేస్తే చేసినవ్. కథ ఎందుకు మార్చినవ్?"

 సావిత్రమ్మ ఈనె తీసిన కాయా, తీయనిదీ ఒకే గిన్నెలో వేయసాగింది.

"ఆ పొద్దు వసంత కొత్తగ మగ్గం మీదికి వచ్చింది. దవడ వాచి ఉన్నది. నాకు ముఖం కనబడలె, మాట ముద్దగ వస్తుండె, సమజైంది. పోగు అతుకుతనే అడిగింది, 'సంచి సర్దినంక ఏం జేసిందత్తా?' అని." ఆమె కొంచెం ఆగింది. "గా లైను నాకు కనబడ్డది రేణుకా. పక్కకెల్లి చూస్తే మంచిగనే కనబడ్డది. నేను చదివిన ఆఖరి లైను అదే. గది నోట్లకు రాలె. ఇంకోటి వచ్చింది."

రేణుక గిన్నెలోంచి ఈనె తీయని కాయలు ఏరడం మొదలుపెట్టింది. కోపం రావలసిన చోట ఏడుపు వచ్చింది. ఫోన్ తెచ్చి అదే పేజీ తెరిచి అక్షరాలను ఎంత వీలైతే అంత పెంచింది. తెర మీద మూడే మూడు మాటలు పట్టాయి. "ఇప్పుడు?" అంది. సావిత్రమ్మ తల అటు తిప్పింది, ఇటు తిప్పింది. "తెల్లగ ఏదో ఉన్నది," అంది.

"ఉంటే చాలు. వేలు పెట్టి తట్టు, పేజీ తిరుగుతది. నువ్వు చెప్పేది నువ్వు చెప్పు. దీనికి గొంతు లేదు, ఎవరికీ తెల్వదు."

అలా అనుకోవడమే రేణుక చేసిన తప్పు.

*

శుక్రవారం వసంతా తహసీనూ ఎదురెదురుగా కూచొని బూడిద రాసుకొని అతుకు మొదలుపెట్టారు. కొత్త మోటరు అప్పుడే వచ్చి మూలన అట్టపెట్టెలో ఉంది. రేణుక అర్ధపూట సెలవు పెట్టి వచ్చి, యాప్ తెరిచి పెద్దమ్మ చేతికిచ్చింది. సావిత్రమ్మ రెండు చేతులా పట్టుకొని, ఎప్పుడో ఒకసారి బొటనవేలితో తడుతూ, కోర్టు సంగతి అందుకుంది. జడ్జి ఏమన్నాడో, సునంద ఏమన్నదో. వసంత వేళ్లు ఎంత నెమ్మదిగా ఆడుతున్నాయో, చెవులు అంత తొందరగా ఉన్నాయి.

కురుమూర్తి సేటు ఎప్పటిలాగే గడపకు ఆనుకొని విన్నాడు. కాసేపటికి ఫోన్ ఎట్లా పనిచేస్తుందో చూద్దామని వచ్చి సావిత్రమ్మ వెనక నిలబడ్డాడు. పుస్తకమైతే అచ్చు చిన్నది, ఒళ్లో ఉన్నదాన్ని నిలబడ్డవాడు చదవలేడు. ఇక్కడ అక్షరం బెత్తెడంత ఉంది. ఆ యాప్ కూడా, తన సుగుణం ప్రకారం, రేణుక చివరిసారి ఆపిన చోటే తెరుచుకుంది.

"సంచిని... మంచం... కిందికి," అని చదివాడు సేటు. సావిత్రమ్మ వేలు తట్టింది. "తోసి, దీపం... తగ్గించి." గొంతులో నవ్వులాంటిది ఉంది, తమాషా చూసినట్టు. "అక్కా, గిండ్ల కోర్టు ఏడున్నది?"

సావిత్రమ్మ నోరు ఆగింది. వేలు ఆగలేదు, భయానికి తడుతూనే ఉంది. "అతని కాళ్ల... దగ్గర కూర్చుంది," అని చదివి సేటు ఫోన్ అందుకున్నాడు. ముందుకు పోయాడు, వెనక్కి పోయాడు. ముఖంలోంచి నవ్వు పోయింది.

"ఎనిమిది నెలలు," అన్నాడు. "నేను గూడ ఇన్న గదా అక్కా! ఇంటికి పోయి నా భార్యకు చెప్పిన. ఒక్క ముక్క లేదు ఇండ్ల." మనిషి నిజంగానే నొచ్చుకున్నాడు. ఆ నొప్పే కోపమైంది. "కండె దొంగలెక్క, చదువు దొంగలెక్క. చాలు, పో. రేపటికెల్లి రావద్దు."

వసంత తల ఎత్తలేదు. ఆమె చూపుడు వేలికీ బొటనవేలికీ మధ్య పట్టు పోగు తెగింది. తెగిన రెండు కొసలనూ పట్టుకొని అలాగే కూచుంది, మళ్లీ కలపలేదు. తహసీన్ "సేటూ, జర..." అని ఆగిపోయింది.

సావిత్రమ్మ గోడ పట్టుకొని లేచింది. గడప బయట చెప్పుల కుప్పలో పాదంతో తన జత కోసం వెతికింది. ఒకటి దొరికింది. రెండోది ఎవరిదో వేసుకోబోతుంటే రేణుక వంగి, ఆ పాదం పట్టుకొని, సరైన చెప్పు తొడిగింది. ఎంత మంచి యాప్ ఎంచుకున్నానో అనుకుంది. దానిలో ఒక్క లోపమూ లేదు.

*

ఆదివారం పొద్దున వసంత వచ్చింది. చేతిలో జిప్పు పోయిన సంచి ఉంది. సందు మొదట్లో ఆమె అన్న శివకుమార్ బండి దిగకుండా, ఇంజన్ ఆపకుండా నిలబడ్డాడు.

"కొల్లాపూర్ బస్సుకు పోతున్నం," అంది గడప దగ్గరే నిలబడి. "సేటు మా అన్నకు ఫోన్ల చెప్పిండు, నవ్వుకుంట. 'గా పుస్తకంల గూడ మొగని కాడ్నే ఉన్నదంట, ఇగ నీకేం పుట్టింది' అంటుండు మా అన్న. నిన్న మా అన్ననే మా అత్తగారోళ్లకు ఫోన్ జేసిండు."

సావిత్రమ్మ మంచం మీద గోడవైపు తిరిగి పడుకొని ఉంది. శుక్రవారం నుంచి అంతే. లేవలేదు.

"సావిత్రత్తను ఏమనను," అంది వసంత. "నాకు చదువ రాదు. సేటు చదివింది నిజమో అబద్దమో నాకేం తెల్వది. నువ్వు చదువు రేణుకా. నీకు కండ్లు మంచిగున్నయ్. గా సంచి కాడ ఏం రాసి ఉన్నదో ఒక్కసారి చదువు, ఇని పోత."

రేణుక ఫోన్ తీసింది. తీయగానే సేటు చివరికి ఆపిన ఆ గడప దగ్గరే తెరుచుకుంది. నల్లటి తెర మీద ఒక్కో అక్షరం పట్టపగలులా ఉంది. ఒత్తులన్నీ తనే దిద్దింది, ఒక్క తప్పు లేదు. ఎదురుగా వసంత దవడ కింద పాత మచ్చ, దాని మీద ఎప్పుడూ కొంగు కప్పుకునేది, ఇవాళ కప్పుకోలేదు. ఇన్నాళ్లూ చూపు లేని మనిషి ఎంత కష్టపడిందో అనుకుంది గానీ, చూపు ఉన్న మనిషికి అంతకన్నా కష్టమని ఆ క్షణం తెలిసింది.

"సునంద గడప దగ్గర చాలాసేపు నిలబడింది," అని చదివింది. అంతవరకు ఉన్నదే. తర్వాత తెర మీది నుంచి కండ్లు తీయకుండానే, "సంచి భుజానికి తగిలించుకుంది. గడప దాటింది," అని చదివింది.

 బయట బండి హారన్ రెండుసార్లు మోగింది.

"ఆడ వాన పడుతుంటది," అంది సావిత్రమ్మ, గోడకు తిరిగే. "నువ్వు వాన ఇడ్సిపెట్టినవ్."

"ఆఁ," అంది రేణుక. "బయట వాన పడుతోంది."

వసంత రేణుకను చూసింది, మంచం మీది వీపును చూసింది. చదువు రానివాళ్లు మనుషుల ముఖాలు చదువుతారు. తన ముఖంలో ఉన్నది ఆమె చదివిందనే రేణుకకు అనిపించింది. చదివి, వసంత నిదానంగా లోపలికి వచ్చి, మంచం పక్కన కూచొని, తన సంచిని కాలితో సావిత్రమ్మ మంచం కిందికి తోసింది.

హారన్ మళ్లీ మోగింది, ఈసారి విడవకుండా.

"తర్వాత?" అంది వసంత.

రేణుక తెర మీద వేలితో తట్టింది. పేజీ తిరిగింది. అక్కడ బెత్తెడంత అక్షరాలు నిండుగా ఉన్నాయి. వాటిలో ఒక్కదాన్ని కూడా చూడకుండా, పెద్దమ్మ ఇటు తిరిగేదాకా ఆగింది.